తెల్ల దూడ, రెండు చింతగింజలు

1987 సెప్టెంబరు. అశ్వారావుపేట దాటి పదకొండు కిలోమీటర్లు పోతే, పొలాలు ఆగి అడవి మొదలయ్యే చోట ఒక పశువైద్య కేంద్రం ఉండేది. అక్కడ నేను లైవ్‌స్టాక్ అసిస్టెంటుగా అయిదో ఏడు పనిచేస్తున్నాను. కేంద్రమంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల గది, వరండా, ముందు గొడ్డును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం. ఆ చట్రాన్ని మా శాఖలో ట్రెవిస్ అంటాం. డాక్టరుగారు వారానికొకసారి వచ్చేవారు. మిగిలిన ఆరు రోజులూ ఆ ఊరికి గొడ్ల డాక్టరును నేనే. ఊరి పేరు రాయను. ఆ మనుషుల మనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

చూసిన ప్రతి గొడ్డు గురించీ సాయంత్రం డైరీలో రాసుకోవడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నా అలవాటు. రోగ లక్షణం, ఇచ్చిన మందు, చివర నాకు తోచిన కారణం. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆనాటి డైరీలు రెండు పక్కన పెట్టుకున్నాను. సెప్టెంబరు తొమ్మిదో తేదీ కింద ఇలా ఉంది: "మల్లమ్మ గేదె. మూడో ఈత. తెల్ల దూడ. మళ్లీ." ఆ చివరి మాట కింద రెండు గీతలున్నాయి.

మల్లమ్మకు అప్పుడు యాభై ఏళ్లుంటాయి. కొడుకులిద్దరూ వేరుపడ్డారు. ఆమెకున్నది ఒక్క గేదె. దాని పాలు బస్టాండు దగ్గర టీ హోటలుకు పోసి బతికేది. ఆ పొద్దున ఆమె చెయ్యి ఊపుతూ వీధి చివరి నుంచే నన్ను కేకేసింది.

"సారూ, జల్దీ రా. మల్ల గట్లనే పుట్టింది."

కొట్టంలో నల్లటి తల్లి పక్కన దూడ వెన్నముద్దలా మెరుస్తోంది. ముట్టె గులాబిరంగు, గిట్టలు పాలిపోయినట్టు ఉన్నాయి. తడిక తీసి వెలుగు పడనిస్తే కళ్లు గట్టిగా మూసుకుని తల తిప్పేసుకుంది. ఇలాంటిదాన్ని ఆల్బినో అంటారని నాకు తెలుసు. ఒంటికి, కంటికి రంగునిచ్చే పదార్థం పుట్టుకతోనే తయారు కాకపోవడం. పేరు తెలిసినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు.

"జున్నుపాలు తాగిందా?"

"తాగింది. నువ్వు చెప్పిన పొడి మూడేండ్ల సంది పెడుతున్న సారూ. ఒక్కనాడు మరువలే. అయినా గిట్లనే అయితే నేనేం జెయ్యాలె?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. 1984లో ఇదే గేదె మొదటి ఈతలో తెల్ల దూడను వేసింది. అది పది రోజులు బతికి చచ్చిపోయింది. అప్పుడు నలుగురూ గుమిగూడి ఉండగా "గేదెలో ఏదో లోపముంది, ఖనిజ లవణాల పొడి పెట్టు" అని చెప్పింది నేనే. రెండో ఈత నల్లగా పుట్టేసరికి నా మందు పనిచేసిందని మురిసిపోయాను కూడా. ఆనాటి పేజీలో "కారణం: గేదెలో లోపం" అని గుండ్రటి అక్షరాలతో ఉంది.

1987 వానలకు ఊళ్లో గాలికుంటు వచ్చింది. నోటి పుండ్లతో, గిట్టల పుండ్లతో గొడ్లు మేత మానేశాయి, రెండు ఎద్దులు పోయాయి. సరిగ్గా అప్పుడు తెల్ల దూడ. రెండింటినీ ముడిపెట్టడానికి ఊరికి ఒక్క పూట పట్టలేదు. ఆ సాయంత్రమే రామకోటయ్యగారు కేంద్రానికి వచ్చారు. ఆయన తండ్రి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి మిరప, పొగాకు వేసి నిలదొక్కుకున్న కుటుంబం. ఊళ్లో ఆయన మాటకు బరువుంది.

"ఏవండీ కాంపౌండరుగారూ, గేదెలో లోపముందని మీరే అన్నారు గదా. లోపమున్న గేదె ఊళ్లో ఎందుకండీ? అమ్మవారికి జాతర చేసి పదకొండేళ్లయింది. ఆవిడ కోపం ఇట్టా చూపిస్తంది. సోమవారం సంతకి తోలించెయ్యాలని పెద్దమనుషులం అనుకున్నాం. మీరో కాగితం రాసివ్వండి."

అంటే గేదె పనికిరాదని నేను రాయాలి. రాస్తే దాన్ని కోతకు తప్ప ఎవరూ కొనరు. మల్లమ్మ అప్పటికే వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. లేవకుండానే జవాబిచ్చింది.

"అమ్మకు కోపమొస్తే జాతర ఆపినోళ్ల మీదికి రావాలె గాని, నా బర్రె మీదికేంది? అదేమన్న తొలి బోనం నాకే గావాలని కొట్లాడిందా?"

రామకోటయ్యగారి ముఖం ఎర్రబడింది. ఆ మాట ఎటు తగలాలో అటే తగిలింది. ఆ ఊరి ఆచారం ప్రకారం అయిదేళ్లకోసారి ముత్యాలమ్మ జాతర. ఒక జాతర అయిపోగానే ఒక లేత దున్నను తెచ్చి అమ్మవారి పేరున వదులుతారు. దాన్ని దేవరపోతు అంటారు. అది ఎవరి చేలో పడ్డా కొట్టరు, కట్టెయ్యరు. తర్వాతి జాతరలో దాన్ని అమ్మవారికిచ్చి కొత్తదాన్ని వదులుతారు. 1976లో వదిలిన పోతు 1981 జాతరకు పోవాల్సింది. కాని ఆ ఏడు తొలి బోనం పాత వీధి ఎత్తాలా, రామకోటయ్యగారి వీధి ఎత్తాలా అని తగువు పడింది. జాతర ఆగిపోయింది. పోతు మిగిలిపోయింది. పదకొండేళ్ల ఆ మహాకాయం ఊళ్లో ఎదకొచ్చిన ప్రతి గేదెనూ తనదే అన్నట్టు చూసుకుంటోంది. కృత్రిమ గర్భధారణ కోసం వీర్యం నిల్వ చేసి నేను జాగ్రత్తగా కాపాడే నైట్రోజన్ డబ్బా దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. "అమ్మోరి పోతుండంగ నీ సూదెందుకు సారూ" అని నవ్వేవాళ్లు.

కాగితం సంగతి ఆదివారం చూద్దామని చెప్పి రామకోటయ్యగారిని పంపాను. నాకు నాలుగు రోజులు చిక్కాయి.

మర్నాడు మస్తాన్ వచ్చాడు. చుట్టుపక్కల సంతలన్నిటికీ గొడ్లను తోలే బేరగాడు. సోమవారం తాను తోలుకుపోవలసిన గేదెను ముందే చూసుకుందామని వచ్చాడు. ట్రెవిస్‌లో నిలబెట్టిన గేదె చుట్టూ రెండుసార్లు తిరిగి, పొదుగు తడిమి, పొట్ట కింద పాలనరం మీద వేలు పెట్టి పెదవి విరిచాడు.

"అరే సాబ్, ఇంత మంచి బర్రెను కోతకు తోలమంటే నాకు మనసొస్తలేదు. దీనికేం తక్కువ?"

"తెల్ల దూడలు వేస్తోందట. అరిష్టమట."

"గదేనా? ఈ ఊరి తెల్ల దూడలు నాకు కొత్తనా? నిరుడొకటి తోలిన. అంతకు ముందొకటి తోలిన."

నా చేతిలో కలం ఆగిపోయింది. "ఎవరివి?"

"పేర్లు చెప్తే నా యాపారం నడుస్తదా? ఒకటి పాత వీధిది. ఇంకోటి..." అని గొంతు తగ్గించాడు. "రెండు ట్రాక్టర్లుండే ఇల్లు. దూడ మీద గోనెపట్టా కప్పి బండెక్కించిన్రు. మిగిలింది నువ్వే సమజ్ చేసుకో."

ఊళ్లో రెండు ట్రాక్టర్లున్న ఇల్లు ఒక్కటే. నా డైరీ తీసి చూస్తే నిరుటి పేజీలో "రామకోటయ్యగారి గేదె, దూడ చచ్చి పుట్టింది" అని ఉంది. వాళ్లు చెప్పింది రాసుకున్నాను. చచ్చిన దూడను చూపించమని అడగలేదు.

కోపం వచ్చిన మాట నిజం. కాని కోపం కంటే కుతూహలం ఎక్కువైంది. మూడిళ్లు, మూడు గేదెలు. మేత వేరు, మేపే మనిషి వేరు. మరి వీటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటి? అయిదేళ్ల ఈతల వివరాలన్నీ డైరీల్లోంచి ఒక పెద్ద కాగితం మీదికి ఎక్కించాను. ఒక్కో గేదె పక్కన దాని వయసు, అది ఎక్కడి నుంచి వచ్చింది. తెలియనివి ఇంటింటికీ తిరిగి అడిగాను. గాలికుంటుకు గిట్టలు కడిగే పని ఎలాగూ ఉంది గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

శుక్రవారానికి కాగితం నిండింది. బోనకల్ వైపు నుంచో, మరో చోటు నుంచో కొనుక్కొచ్చిన గేదెలు ఒక్క తెల్ల దూడనూ వెయ్యలేదు. తెల్ల దూడ వేసిన మూడూ ఈ ఊళ్లోనే పుట్టినవి, 1980లోనో ఆ తర్వాతో పుట్టినవి. అంటే ఆ మూడూ దేవరపోతు కూతుళ్లు. వాటి దూడలకు తండ్రి కూడా ఆ దేవరపోతే.

రెండేళ్ల కింద హైదరాబాదు శిక్షణలో రాసుకున్న నోట్సు అప్పుడు బయటికి తీశాను. జీన్, డామినెంట్, రెసెసివ్, క్యారియర్, ఇన్‌బ్రీడింగ్. పరీక్ష కోసం కంఠస్థం చేసిన మాటలు. జీన్ అంటే జన్యువు, ఒక లక్షణాన్ని తరం నుంచి తరానికి మోసుకొచ్చేది. ఒంటి రంగుకు ప్రతి జీవిలోనూ రెండు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. నలుపుది డామినెంట్. ఒక్కటున్నా చాలు, బయటికి తానే కనిపిస్తుంది. తెలుపుది రెసెసివ్. పక్కన నలుపుది ఉంటే లోపలే ఉండిపోతుంది. అలా లోపల దాచుకుని తిరిగే జీవి క్యారియర్, అంటే వాహకం. చూడటానికి నల్లగానే ఉంటుంది. దగ్గరి రక్తసంబంధంలో దాటితే, అంటే జతకడితే, ఇద్దరూ ఒకే పూర్వీకుడి నుంచి తెచ్చుకున్న దాగిన జన్యువులు రెండూ ఒకే దూడలో కలిసే అవకాశం పెరుగుతుంది. అదే ఇన్‌బ్రీడింగ్. శిక్షణలో ఇది నల్లబల్ల మీద గడులుగా ఉండేది. ఇప్పుడు నా ముందు గడ్డి నములుతూ ఉంది.

నాకు అర్థమైంది. ఊరికి ఎలా చెప్పాలో తెలియలేదు. ముందు మల్లమ్మకు చెప్పి చూద్దామని వెళ్లాను. వాన పట్టి ఆమె, పక్కింటి ఆడవాళ్లు అరుగు మీద పచ్చీసు ఆడుతున్నారు. పాచికలు చింతగింజలు. ఒక పక్క రాతి మీద అరగదీసి తెల్లగా చేసినవి, రెండో పక్క అలాగే నల్లగా ఉన్నవి. ఆమె వాటిని గుప్పిట్లో గలగలలాడించి వేసింది. నేను చెప్పాలనుకున్నదంతా నేల మీద పడి ఉంది.

"మల్లమ్మా, అందులో రెండు గింజలు నాకిస్తావా?"

"నువ్వు గూడ ఆడుతవా ఏంది సారూ?"

"ఆడతాను. నీ గేదె కోసం."

ఆదివారం పొద్దున ట్రెవిస్ ముందు పాతిక మందిదాకా చేరారు. ట్రెవిస్‌లో మల్లమ్మ గేదె. వరండా నీడలో తెల్ల దూడ. మస్తాన్ కూడా తాడు భుజాన వేసుకుని వచ్చాడు. రామకోటయ్యగారికి నేను కుర్చీ వేశాను. రహస్యం బయటపెట్టి ఆయన్ని అవమానించాలని నాకు లేదు. అలా చేస్తే ఆయన ఓడిపోయేవారు గాని గేదె గెలిచేది కాదు.

"మీరే వెయ్యండి" అని రెండు చింతగింజలు ఆయన చేతిలో పెట్టాను. "ఒకటి పోతుది, ఒకటి గేదెది. రెండూ నల్లగా తిరిగినా, ఒకటి నలుపు ఒకటి తెలుపు పడినా దూడ నల్లదే. రెండూ తెల్లగా పడితేనే తెల్ల దూడ."

"ఇదేం వైద్యమండీ?" అన్నారు ఆయన. జనం నవ్వారు. వేశారు. నలుపు, తెలుపు. మళ్లీ వేశారు. రెండూ నలుపు. నాలుగుసార్లయినా తెలుపులు పడలేదు.

"తెల్ల దూడ ఏదండీ? మీ గింజలకి కూడా పొడి పెట్టాలేమో!" అన్నారు ఆయన.

ఈసారి అందరికంటే మల్లమ్మే గట్టిగా నవ్వింది. అయిదోసారి రెండు గింజలూ తెల్లగా పడ్డాయి. ఏడోసారి మళ్లీ. నవ్వులు ఆగిపోయాయి.

అప్పుడు నా జేబులోంచి అరగదియ్యని చింతగింజ తీశాను. రెండు పక్కలా నలుపే. "ఇది బయటి నుంచి కొనుక్కొచ్చిన గేదె. దీన్ని పోతు గింజతో కలిపి వెయ్యండి." ఆయన వేశారు, పక్కనున్నవాళ్లూ తీసుకుని వేశారు. ఎన్నిసార్లు వేసినా రెండు తెలుపులు పడలేదు. పడవు.

"ఆగు సారూ" అంది మల్లమ్మ. "అంటే నా బర్రె ఒక్కటే గాదు, పోతు గింజ గూడ తెల్లగ తిరగాలె. గంతేగా?"

"అంతే. పోతులో తెలుపు దాగి ఉంది. దాని కూతురు గనుక నీ గేదెలోకీ వచ్చింది. ఊళ్లో దాని కూతుళ్లు ఎన్ని ఉన్నాయో వాటిలో సగానికి ఉండొచ్చు. ఎవరింట్లోనైనా పుట్టొచ్చు."

మస్తాన్ తన తాడు ముడిని చాలా శ్రద్ధగా చూసుకుంటున్నాడు. రామకోటయ్యగారు గింజల్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పారు. చివరికి ఎవరి వైపూ చూడకుండా అన్నారు.

"మా ఇంటోనూ పుట్టిందండీ. నిరుడు."

"మీ ఇంట్ల పుట్టినప్పుడు అమ్మ నిద్రవోయిందా ఏంది పెద్దాయనా?" అంది మల్లమ్మ.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన గింజలు నాకు తిరిగి ఇస్తూ, నేను ఇప్పటికీ మరచిపోని మాట అన్నారు. "అయితే కాంపౌండరుగారూ, ఆ పోతు ఎనభై ఒకటిలో పోయుంటే దాని కూతుళ్లు ఎదకొచ్చే నాటికి అది ఉండేది కాదు. అంతేనా? మరి జాతర చెయ్యకపోబట్టే ఇట్టా అయిందని గదా నేను మొదట్నించీ అంటంది!"

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. దున్న మూడేళ్లకు గాని దాటదు. అంటే దాని మొదటి కూతుళ్లు 1980లో పుట్టాయి. అవి ఎదకు రావడానికి మరో మూడేళ్లు. జాతర ప్రకారం పోతు 1981లోనే పోవాలి. అయిదేళ్ల గడువు పెట్టిన పెద్దలు జన్యువుల పేరైనా విని ఉండరు. ఎందుకు పెట్టారో నాకు తెలియదు. కాని ఆ గడువు తప్పనంత కాలం ఏ పోతూ తన కూతుళ్లు ఎదిగే వరకు ఊళ్లో ఉండదు. అందరి ముందూ ఒప్పుకోక తప్పలేదు.

"ఒక రకంగా మీరు చెప్పిందే నిజం. తప్పు గేదెది కాదు. గడువు దాటి పోతును ఉంచిన మనది. అందులో నాదీ ఉంది. గేదెలో లోపమని నేను మూడేళ్ల కింద నోరుజారాను."

కాగితం నేను రాయలేదు. అడిగినవాళ్లూ లేరు. మస్తాన్ తాడు భుజాన వేసుకుని, పోతూ పోతూ గేదె వీపు తట్టాడు.

ఆ తర్వాతి ఎదకు మల్లమ్మ గేదెను నా దగ్గరికే తోలుకొచ్చింది. నైట్రోజన్ డబ్బా మూత మీది దుమ్ము తుడిచాను. నల్లటి పెయ్య పుట్టింది. మరుసటి ఏడు జాతర జరిగింది. తొలి బోనాలు రెండు వీధులవీ పక్కపక్కనే కదిలాయని విన్నాను. ఆ రోజు నేను సెలవు పెట్టి పెనుబల్లిలో ఉన్నాను గనుక పోతు సంగతి నా డైరీలో లేదు. కొత్త పోతును మాత్రం మస్తాన్ దూరపు సంత నుంచి తెచ్చాడు.

తెల్ల దూడకు మల్లమ్మ గోనెసంచితో చొక్కాలాంటిది కుట్టింది. ఎండ తగ్గాక మేపేది. రెండేళ్లు పెరిగింది. ఒక వేసవిలో మందతో పాటు అడవిలోకి పోయి తిరిగి రాలేదు. వాగు పక్కన చిరుత అడుగులు చూశామని కాపరులు చెప్పారు. నల్లటి గొడ్ల మధ్య తెల్లగా మెరిసేది ముందు కంటబడుతుంది. నేచురల్ సెలెక్షన్, ప్రకృతివరణం అంటే ఇదేనని ఆ రోజు రాసుకున్నాను. ఆ పరిసరాలకు కుదరనిది నిలవదు. కాని అడవి తీసుకుపోగలిగింది కనిపించే తెలుపునే. నల్లటి తోలు కింద దాగినది ఏ చిరుతకూ కనిపించదు. అందుకే అలాంటి లక్షణాలు అన్ని తరాలు దాటి వస్తూనే ఉంటాయి.

మల్లమ్మ ఒకసారి అడిగింది, అసలు ఆ తెలుపు మొదట ఎలా వచ్చిందని. పాత డైరీని కొత్తదాంట్లోకి ఎక్కించేటప్పుడు నేను ఒక అక్షరం తప్పు రాస్తే, ఆ తర్వాత దాన్ని చూసి రాసినవన్నీ అదే తప్పుతో వస్తాయి కదా, అలాంటిదేనన్నాను. దాన్ని మ్యుటేషన్ అంటారు. ఎప్పుడు, ఏ గొడ్డులో జరిగిందో ఎవరూ చెప్పలేరు.

"మరి నా బర్రెల అది ఇంక ఉన్నట్టేనా?"

"ఉంది. బయటికి కనపడదు."

"ఉండనీ సారూ. ఎవరింట్ల లేదు?" అని పాలచెంబు ఎత్తుకుని వెళ్లిపోయింది.

డైరీలో రాసింది కొట్టేయడం నా పద్ధతి కాదు. ముప్పై ఎనిమిదేళ్ల డైరీల్లో ఒక్కచోటే కొట్టివేత ఉంది. 1984లో రాసిన "కారణం: గేదెలో లోపం" మీద ఎర్ర సిరాతో ఒక గీత, పక్కన కొట్టేసిన ఆ ఆదివారం తేదీ. ఆ వారమే మరో పని కూడా చేశాను. మా కేంద్రం ఈతల రిజిస్టరులో యజమాని పేరుకు ఒక గడి, గేదెకు ఒక గడి, దూడకు ఒక గడి ఉండేవి. దూడ ఎలా పుట్టినా ప్రశ్న తల్లి దగ్గరికే పోవడంలో వింతేముంది? పుస్తకం అడిగింది ఆమెనొక్కదాన్నే. స్కేలు పెట్టి పేజీ అంచున ఇంకో గీత గీశాను. పైన "తండ్రి" అని రాశాను. బదిలీ మీద ఎక్కడికి వెళ్లినా, కొత్త రిజిస్టరు తెరవగానే నేను చేసిన మొదటి పని ఆ గీత గీయడమే.